క్లెయిమ్ రిజెక్ట్ చేశారా? ఆ లెటర్ పట్టుకుని ఏం చేయాలో వరుసగా

"క్లెయిమ్ రిజెక్ట్ చేశారండీ, ఇప్పుడేం చేయాలి?" ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. ఒకరిది ఆసుపత్రి బిల్లు, ఒకరిది చనిపోయిన నాన్నగారి లైఫ్ పాలసీ, ఇంకొకరిది దొంగలెత్తుకుపోయిన బండి. పాలసీ ఏదైనా నడవాల్సిన దారి దాదాపు ఒకటే కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. ఇది మన దేశంలో కొన్న పాలసీలకు మాత్రమే.

ముందే ఒక మాట. ఇలాంటి కేసుల్లో చాలామంది ఓడిపోయేది చట్టం కంపెనీ వైపు ఉండటం వల్ల కాదు. ఫోన్లో గొడవపడతారు, ఏజెంట్ చుట్టూ తిరుగుతారు, చివరికి రాసిన ఉత్తరంలోనేమో తమ కష్టాలన్నీ ఏకరువు పెడతారు కానీ కంపెనీ చెప్పిన కారణానికి జవాబు మాత్రం ఉండదు. కంపెనీ ఏ క్లాజు చూపించి కాదందో ఆ క్లాజు మీదే కాగితంతో కొట్టాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాలసీ బాండ్ పూర్తి కాపీ. మొదటి రెండు పేజీలు చాలవు, షరతుల పుస్తకం మొత్తం కావాలి. లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి తెప్పించుకోండి.
- ప్రపోజల్ ఫారం (పాలసీ తీసుకునేటప్పుడు నింపిన దరఖాస్తు) కాపీ. గొడవలన్నీ దీని దగ్గరే మొదలవుతాయి, అయినా ఎక్కువమంది ఇళ్లలో లేనిది ఇదే.
- ప్రీమియం కట్టిన రసీదులు లేదా బ్యాంకు స్టేట్‌మెంట్.
- హెల్త్ అయితే డిశ్చార్జ్ సమ్మరీ, కేస్ షీట్, బిల్లులు, టెస్టు రిపోర్టులు. బండి, ఇల్లు, షాపు అయితే సర్వేయర్ (నష్టం ఎంతో చూసి లెక్కగట్టే మనిషి) రిపోర్టు. దొంగతనమైతే ఎఫ్‌ఐఆర్.
- కంపెనీతో నడిచిన మెయిల్స్, మెసేజ్‌లు అన్నీ. డిలీట్ చేయకండి.
- ఒక తెల్లకాగితం. దాని మీద తేదీలు రాయాలి: పాలసీ మొదలైన రోజు, మధ్యలో ఆగి మళ్లీ పునరుద్ధరించి ఉంటే ఆ రోజు, క్లెయిమ్ పెట్టిన రోజు, రిజెక్ట్ లెటర్ వచ్చిన రోజు. ఈ నాలుగు తేదీల మీదే సగం కేసు తేలిపోతుంది.

1. రిజెక్షన్‌ని రాతపూర్వకంగా తెప్పించుకోండి

"కాల్ సెంటర్ వాళ్లు రాదన్నారు" అంటే అది రిజెక్షన్ కిందకి రాదు. యాప్‌లో ఎర్ర అక్షరాలతో కనిపించే స్టేటస్ కూడా చాలదు. ఏ కారణంతో, పాలసీలోని ఏ షరతు ప్రకారం కాదంటున్నారో రాసిచ్చిన లెటర్ కావాలి. హెల్త్ పాలసీల మీద ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల్ని నియంత్రించే సంస్థ) 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ తిరస్కరిస్తే ఏ షరతు కింద తిరస్కరించారో స్పష్టంగా చెప్పాలి. అంతేకాదు, కంపెనీలోని క్లెయిమ్స్ రివ్యూ కమిటీ చూసి ఆమోదించకుండా ఏ హెల్త్ క్లెయిమ్‌నూ తోసిపుచ్చకూడదు. కమిటీ ఆమోదం ఉందా, ఏ తేదీన వచ్చింది అని మెయిల్‌లో అడగండి. అడగడానికి మీకు ఖర్చేమీ లేదు.

ఈ లెటర్ కోసం ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. లెటర్‌లో రాయని కొత్త కారణాన్ని తర్వాత కోర్టులో ముందుకు తేవడం కుదరదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. అంటే కంపెనీ తను రాసిన దానికే కట్టుబడాలి. లెటర్ లేకపోతే వాళ్లు ఈ వారం ఒక మాట, వచ్చే వారం ఇంకో మాట చెప్పొచ్చు.

జాగ్రత్త: కొన్నిసార్లు "క్లోజ్డ్" అని పెడతారు, "రిజెక్టెడ్" అనరు. కాగితాలు ఇవ్వలేదు కాబట్టి ఫైలు మూసేశాం అని దాని అర్థం. ఏ కాగితం తక్కువైందో అడిగి, అదిచ్చి తెరిపించుకోవచ్చు. దీన్ని రిజెక్షన్ అనుకుని ఫిర్యాదుల దాకా పోతే టైం వృథా.

2. వాళ్లు చెప్పిన కారణం ఏ కోవలోదో చూడండి

బీమా సూత్రాల మీద పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లుంటాయి, వాటి జోలికి పోవద్దు. మీ లెటర్‌లోని వాక్యం కింది వాటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తే చాలు.

"నిజం దాచారు." ఎక్కువగా కనిపించే కారణం ఇదే. బీమా ఒప్పందం పూర్తి నమ్మకం మీద నడుస్తుంది, అడిగిన ముఖ్యమైన విషయాలన్నీ నిజంగా చెప్పాలి అన్నది దీని వెనకున్న సూత్రం. ముందు ప్రపోజల్ ఫారం తీసి అసలు ఆ ప్రశ్న అడిగారా, దానికి ఏం జవాబు టిక్ చేసి ఉంది, ఎవరు నింపారు అన్నవి చూడండి. మీరు షుగర్ ఉందని రాశారు, వాళ్లు అన్నీ చూసుకుని పాలసీ ఇచ్చారు, ఇప్పుడు ఆ షుగర్‌నే సాకుగా చూపుతున్నారు అనుకోండి, అది చెల్లదని 2021లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. రాయకుండా వదిలేసిన కేసు అంత తేలిక కాదు. వెన్నుపూస జబ్బు చెప్పలేదని, గుండెపోటుతో పోయిన మనిషి క్లెయిమ్ ఆపడం తప్పని 2015లో సుప్రీంకోర్టు అంది. అలాగని దాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. అడిగిన ప్రశ్నకు తప్పు జవాబిస్తే కంపెనీ వైపు నిలబడ్డ తీర్పులూ ఉన్నాయి.

ఇక లైఫ్ పాలసీ అయితే ముందు తేదీలు చూడండి. 1938 నాటి బీమా చట్టంలో సెక్షన్ 45 ఉంది, 2015లో దాన్ని సవరించారు. పాలసీ ఇచ్చిన తేదీ, రిస్క్ మొదలైన తేదీ, పునరుద్ధరించిన తేదీ, రైడర్ (పాలసీకి తోడు తీసుకునే అదనపు కవరేజీ) చేర్చిన తేదీ, వీటిలో ఏది ఆఖరుదో అక్కడి నుంచి మూడేళ్లు దాటితే ఏ కారణంతోనూ, మోసం అని కూడా, ఆ పాలసీని ప్రశ్నించకూడదు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది పునరుద్ధరణ దగ్గర. 2020లో తీసుకున్న పాలసీ కంతులు కట్టక ఆగిపోయి 2023 మార్చిలో మళ్లీ మొదలైతే లెక్క 2023 మార్చి నుంచి, 2020 నుంచి కాదు.

మూడేళ్ల లోపు అయినంత మాత్రాన కంపెనీ చెప్పిందే వేదం అనుకోకండి. మోసం కాదు, ముఖ్యమైన విషయం చెప్పలేదు అంతే అంటే, ఆ విషయం తెలిసి ఉంటే అసలు పాలసీయే ఇచ్చేవాళ్లం కాదని కంపెనీయే చూపించాలి. చూపించి కాదన్నా అప్పటిదాకా కట్టిన ప్రీమియం 90 రోజుల్లో తిరిగివ్వాలి. చాలా కుటుంబాలు ఈ ప్రీమియం సంగతి అడగనే అడగవు.

హెల్త్‌కి సెక్షన్ 45 వర్తించదు, అక్కడ లెక్క వేరు. 60 నెలలు తెగకుండా పాలసీ నడిస్తే ఆ తర్వాత మోసం రుజువైతే తప్ప దాచారన్న పేరుతో క్లెయిమ్ కాదనకూడదు. ఇది 2024కి ముందు ఎనిమిదేళ్లు ఉండేది. వేరే కంపెనీ నుంచి పోర్ట్ అయి (పాలసీ మార్చుకుని) వస్తే అక్కడి కాలం కూడా కలుస్తుంది. మధ్యలో కవరేజీ 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచితే, పెంచిన 5 లక్షలకు 60 నెలలు మళ్లీ మొదటి నుంచి లెక్క.

"వెయిటింగ్ పీరియడ్ పూర్తికాలేదు." అంటే ఒక జబ్బుకి క్లెయిమ్ రావాలంటే పాలసీ తీసుకున్నాక ఆగాల్సిన కాలం. ముందునుంచీ ఉన్న జబ్బులకు ఇప్పుడు గరిష్ఠం 36 నెలలు. పాలసీలో ఎన్ని నెలలని ఉందో చూసి, మొదటి పాలసీ తేదీ నుంచి లెక్కపెట్టండి. రెన్యువల్ తేదీ నుంచి లెక్కేసి పంపిన లెటర్లు ఉంటాయి, అలాంటివి ఒక్క మెయిల్‌తో తిరిగొస్తాయి. అప్పటికింకా లేని జబ్బుని పాత జబ్బు అంటే అది వేరే పోరాటం, కింద చెప్తాను.

"ఆలస్యంగా చెప్పారు." బండి పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, కంపెనీకి మాత్రం ఆలస్యంగా చెప్పారనుకోండి. ఆ ఒక్క ఆలస్యం వల్ల నిజమైన క్లెయిమ్ పోకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచ్ తేల్చింది. పోలీసులకే ఆలస్యంగా చెప్తే మాత్రం కష్టమే.

"నష్టం అంత లేదు." బీమా జరిగిన నష్టాన్నే పూడుస్తుంది, లాభం ఇవ్వదు అన్నది సూత్రం. అందుకే పాత బండికి కొత్త బండి డబ్బు రాదు. ఇక్కడ మీ ఆయుధం సర్వేయర్ రిపోర్టు. కాపీ అడగండి, సర్వేయర్ వేసిన లెక్క కన్నా కంపెనీ తక్కువ ఇచ్చిందేమో చూడండి. తగ్గిస్తే కారణం చెప్పాలి.

"ఇంకో పాలసీ ఉంది కదా." రెండు హెల్త్ పాలసీలుంటే ముందు ఏ కంపెనీ దగ్గరికి వెళ్లాలో ఎంచుకునేది మీరే. అక్కడి పరిమితి అయిపోతే మిగతాది రెండో దాని నుంచి. ఒకే బిల్లుకి రెండుచోట్లా పూర్తి డబ్బు మాత్రం అడగకండి, దాన్ని మోసం అంటారు. జబ్బు తేలగానే ఒక మొత్తం చేతికిచ్చే రకం పాలసీలైతే వేటికవే.

3. ఎదురు సాక్ష్యం కూడగట్టండి

ఓపికగా చేయాల్సిన పని ఇదే. హెల్త్ క్లెయిములు ఎక్కువగా చెడేది కేస్ షీట్‌లో హడావిడిగా రాసిన ఒక్క ముక్క వల్ల. ఎమర్జెన్సీలో పక్కనున్న బంధువుని "బీపీ ఉందా?" అని అడిగితే ఆయన కంగారులో "ఆఁ, నాలుగైదేళ్లుగా ఉందండీ" అంటాడు, అది కాగితం మీదకెక్కుతుంది, కంపెనీ దాన్నే పట్టుకుంటుంది. దీనికి విరుగుడు, చికిత్స చేసిన డాక్టర్ దగ్గర జబ్బు ఎప్పుడు బయటపడిందో, దేని ఆధారంగా అంటున్నారో రాసిన సర్టిఫికెట్ తీసుకోవడం, దానికి తోడు అంతకు ముందు చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టులు జతచేయడం.

హెచ్చరిక: కేస్ షీట్ దిద్దించే ప్రయత్నం చేయొద్దు, పాత తేదీ వేసి సర్టిఫికెట్ రాయించొద్దు. కంపెనీ దగ్గర అసలు కాపీ ఈపాటికే ఉంటుంది. గెలవాల్సిన కేసు అక్కడితో మోసం కేసు అయి కూర్చుంటుంది.

ఏజెంట్ ఫారం నింపి ఉంటే అది కూడా రాయండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకోకండి. కింద సంతకం మీది, చదవకుండా పెట్టానంటే ప్రతిసారీ నెగ్గదు. ఏజెంట్‌కి జబ్బు గురించి చెప్పినట్టు వాట్సాప్ మెసేజ్ ఏదైనా ఉంటే మాత్రం బంగారమే.

4. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి

ప్రతి కంపెనీకీ గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి ఉంటారు, వివరాలు పాలసీ బాండ్‌లోనే ఉంటాయి. ఒక పేజీ మించకుండా రాయండి. ఇంచుమించు ఇలా:

"నా పాలసీ నంబరు ఇది, క్లెయిమ్ నంబరు ఇది. ఫలానా తేదీ లెటర్‌లో ఫలానా క్లాజు కింద నా క్లెయిమ్ తిరస్కరించారు. ఆ క్లాజు నాకు వర్తించదు. కారణాలు: ఒకటి, రెండు, మూడు. ఆధారాలు జతచేశాను. ఇంత మొత్తం, ఆలస్యమైన కాలానికి వడ్డీతో కలిపి చెల్లించాలి. కాదంటే ఏ ఆధారాల మీద కాదంటున్నారో వాటి కాపీలు ఇవ్వాలి."

అంతే. "మీలాంటి దొంగ కంపెనీని" అనే వాక్యం ఎంత రాయాలనిపించినా వద్దు. ఆ ఉత్తరాన్ని రేపు ఇంకొకరు చదవాలి.

మెయిల్‌లో పంపి, అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు దాచుకోండి. 14 రోజుల్లో తేల్చాలి. కంపెనీ బ్రాంచిలో చేత్తో ఇస్తే కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి.

5. కావాలంటే బీమా భరోసా

ఇది ఐఆర్‌డీఏఐ నడిపే ఫిర్యాదుల పోర్టల్. 155255కి ఫోన్ చేసి కూడా నమోదు చేయించవచ్చు. కానీ ఒక అపోహ తీసేయాలి. ఐఆర్‌డీఏఐ మీ కేసు విని తీర్పు చెప్పదు. ఫిర్యాదుని కంపెనీకి పంపి, జవాబు వచ్చేలా చూస్తుంది, అంతవరకే. కంపెనీ మళ్లీ అదే జవాబు కాపీ చేసి పెట్టి ఫిర్యాదు మూసేస్తే "ప్రభుత్వం కూడా కాదంది" అనుకుని వదిలేసినవాళ్లున్నారు. అది ప్రభుత్వ నిర్ణయం కాదు, కంపెనీ జవాబే. అసలు స్పందించని కంపెనీ విషయంలో మాత్రం ఈ దారి బాగా పనికొస్తుంది.

ఇంకోటి, ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, ఇంత కడితే మీ క్లెయిమ్ విడుదల చేస్తాం అని ఫోన్ వస్తే పెట్టేయండి. వాళ్లు ఎప్పుడూ డబ్బు అడగరు.

6. అంబుడ్స్‌మన్

బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి ఈయన. నా మటుకు నేను చాలామందికి మొదట ఇక్కడికే వెళ్లమంటాను. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు (నిజానికి లాయర్‌ని రానివ్వరు కూడా), తీర్పు కంపెనీ పాటించి తీరాలి, మీకు నచ్చకపోతే మీరు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకి ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు, వీడియోలో విచారణకు హాజరు కావచ్చు.

షరతులు ఇవి: ముందు కంపెనీకి రాసి ఉండాలి, వాళ్లు కాదని ఉండాలి లేదా నెల రోజులైనా జవాబివ్వకపోయి ఉండాలి. ఆ తర్వాత ఏడాదిలోపు రావాలి. అడిగే మొత్తం 50 లక్షలు దాటకూడదు. అదే విషయం మీద కోర్టులోగానీ కమిషన్‌లోగానీ కేసు నడుస్తూ ఉండకూడదు. చివరి షరతు దగ్గర ఎక్కువమంది ఇరుక్కుంటారు, రెండుచోట్లా వేస్తే ఒత్తిడి పెరుగుతుందనుకుని రెండూ వేసి ఇది పోగొట్టుకుంటారు. ఆఫీసులో ఇచ్చిన గ్రూప్ పాలసీ అయినా ఇక్కడికి రావచ్చు.

విచారణ రోజు ఐదు నిమిషాల్లో చెప్పేలా సిద్ధంకండి. తేదీల కాగితం, రిజెక్ట్ లెటర్, క్లాజు, మీ ఆధారం. ఈ వరుసలోనే.

7. వినియోగదారుల కమిషన్

మొత్తం 50 లక్షలు దాటినా, సాక్షుల్ని విచారించాల్సిన చిక్కు ఉన్నా, నష్టపరిహారం కూడా కావాలన్నా ఇటు రండి. గడువు రెండేళ్లు. మీరు ఉండే ఊరు లేదా పనిచేసే ఊరు ఉన్న జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ హెడ్డాఫీసు ముంబయిలో ఉందని అక్కడికి పోనక్కర్లేదు. ఏ కమిషన్ (జిల్లా, రాష్ట్ర, జాతీయ) అన్నది 2019 చట్టం ప్రకారం మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి తేలుతుంది, పాలసీ మొత్తాన్ని బట్టి కాదు. ప్రీమియం 50 లక్షల దాకా జిల్లా కమిషనే కాబట్టి కోటి రూపాయల టర్మ్ పాలసీ కేసు కూడా సాధారణంగా జిల్లాలోనే నడుస్తుంది. ప్రీమియం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు. టైం మాత్రం పడుతుంది, చట్టంలో రాసిన నెలల్ని నమ్ముకోకండి.

అంబుడ్స్‌మన్ దగ్గర ఆలస్యమవుతున్నప్పుడు ఈ రెండేళ్ల తేదీ మర్చిపోకండి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

డబ్బు వచ్చాక ఏం చూడాలి

ఖాతాలో పడింది కదా అని ఊరుకోవద్దు. కోతల వివరాల షీట్ అడగండి. హెల్త్‌లో పెద్ద కోత గది అద్దె దగ్గర పడుతుంది. పాలసీలో రోజుకి 5,000 పరిమితి ఉండి మీరు 8,000 గదిలో ఉన్నారనుకుందాం. అప్పుడు డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీలు లాంటివి కూడా అదే నిష్పత్తిలో, అంటే 62.5 శాతమే ఇస్తారు. కానీ మందులు, వాడిపారేసే సామగ్రి, ఇంప్లాంట్లు, టెస్టుల మీద ఈ కోత వేయకూడదు, ఐసీయూ చార్జీల మీదా కూడదు. డాక్టర్, ఆపరేషన్ ఖర్చులు 80,000, మందులు, టెస్టులు 60,000 అయితే గది అద్దె పక్కన పెట్టినా రావాల్సింది 50,000 ప్లస్ 60,000, మొత్తం 1,10,000. బిల్లు మొత్తం మీద కోత వేస్తే 87,500 వస్తుంది. తేడా 22,500. ఇది కాలిక్యులేటర్‌తో పట్టుకోదగ్గ తప్పు, అయినా ఎవరూ చూడరు.

తక్కువ మొత్తం ఇస్తూ "పూర్తి, తుది పరిష్కారంగా అంగీకరిస్తున్నాను" అనే వోచర్ మీద సంతకం అడిగితే, "అభ్యంతరంతో, మిగతా మొత్తంపై హక్కు వదులుకోకుండా" అని పక్కన రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే అదే మాట ఆ రోజే మెయిల్‌లో పంపండి.

వడ్డీ చూడండి. గడువు దాటి ఇచ్చిన క్లెయిమ్‌కి బ్యాంక్ రేటుకి (ఆర్‌బీఐ ప్రకటించేది) 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. లైఫ్‌లో విచారణ అక్కర్లేని మరణ క్లెయిమ్‌కి గడువు 15 రోజులు, విచారణ కావాలంటే 45. ఆసుపత్రి బిల్లు మనమే కట్టి పెట్టుకున్న హెల్త్ క్లెయిమ్‌కి 15 రోజులు.

అంబుడ్స్‌మన్ తీర్పు వస్తే 30 రోజుల్లో అమలు చేయాలి. దాటితే రోజుకి 5,000 చొప్పున మీకు ఇవ్వాల్సి ఉంటుందని 2024 నిబంధనల్లో ఉంది. 31వ రోజున దీన్ని గుర్తుచేస్తూ ఒక మెయిల్ పెట్టండి.

ఆఖరుగా పాలసీ బతికే ఉందో లేదో చూడండి. "దాచారు" అన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చినప్పుడు చాలాసార్లు హెల్త్ పాలసీని కూడా రద్దు చేస్తారు, ఆ ముక్క లెటర్ చివర్లో చిన్నగా ఉంటుంది. క్లెయిమ్ డబ్బు ఒక్కటే అడిగి గెలిస్తే డబ్బు వస్తుంది కానీ పాలసీ పోయి, ఇన్నేళ్ల వెయిటింగ్ పీరియడ్ లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి నాలుగో అంచెలో రాసే ఉత్తరం నుంచే "పాలసీని పాత తేదీలతో పునరుద్ధరించాలి" అన్న లైను కూడా చేర్చండి.